గది తెరిచిన గొంతు

ఆ రోజు పొద్దున చంద్రగిరి మీద ఆకాశం తేరుకోలేదు. తూర్పున ఎర్రబడిన మబ్బు కొండను ఆనుకుని అక్కడే నిలిచిపోయింది. చినుకు పడదు, ఎండ కాయదు. కోట బురుజుల మీది పావురాలు లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్ళీ అక్కడే దిగాయి. ఆకు కదలడం లేదు. ఇలాంటి పొద్దున చప్పుడు చాలా దూరం పోతుంది.

బాలచంద్ర మోటారు సైకిల్ దిగి రవిచంద్ర ఇంటి గేటు గొళ్ళెం తీశాడు. నెత్తిన హెల్మెట్, భుజాన కొరియర్ సంచీ. సంచీలో పార్సిళ్ళు లేవు, ఒక పిస్తోలు ఉంది. అతడు పనిచేసే శాఖకు బోర్డు లేదు, జీతం మాత్రం ఉంది. కార్వేటినగరం పక్క పల్లెలో పుట్టిన మనిషి. ఎదుటివాడు పది మాటలు మాట్లాడితే ఒకటి మాట్లాడతాడు, పదకొండు విషయాలు చూస్తాడు.

రవిచంద్ర మేడ మీద పిట్టగోడ దగ్గర నిలబడి ఉన్నాడు. కంప్యూటరు ప్రోగ్రాములు రాసే కుర్రవాడు. చెవులకు నల్లటి హెడ్‌సెట్, చేతిలో ఫోను, ఫోన్లో ఏదో ఆట. శాఖకు నిన్న ఫోను చేసింది అతడే. కింద మనిషిని చూసి నవ్వాడు.

"రాన్నా, పైకే రా" అన్నాడు. జవాబు సరిగ్గా వినబడాలని రెండు చేతులూ ఎత్తి హెడ్‌సెట్ తీశాడు.

పేలుడు పెద్దదేమీ కాదు. బండ మీద టెంకాయ పగిలినంత. రవిచంద్ర భుజాల పైన ఏమీ మిగల్లేదు. చేతులు ఇంకా ఎత్తే ఉన్నాయి. మొండెం పిట్టగోడకు ఆనుకుని కాసేపు అట్లాగే నిలబడి, తర్వాత నింపాదిగా ముందుకు వంగి, కింద ఉన్న స్కూటర్ మీద పడింది. సున్నం కొట్టిన గోడ మీద నెత్తురు ఆగకుండా కారింది. పావురాలు మళ్ళీ లేచాయి.

ఇంట్లోంచి ఒక ఆడమనిషి లాప్‌టాప్ చేత్తో పట్టుకుని బయటికి వచ్చింది. రవిచంద్ర భార్య సుజన. స్కూటర్ వైపు చూసింది. తర్వాత తెర వైపు చూసింది. తర్వాత లాప్‌టాప్ మూయకుండా, అట్లాగే గడప మీద కూర్చుంది.

*

తిరుపతి బస్టాండు వెనక సందులో జిరాక్స్ షాపు ఒకటి ఉంది. బాలచంద్ర సుజనను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళి, కాపీలు రెండు వైపులా వస్తాయా అని అడిగాడు.

"ఒక వైపే. రెండో వైపు ఇంకు అంటుకుంటాది" అంది కౌంటర్లో ఉన్నావిడ.

అవి సంకేతపు మాటలు. ఆవిడ ప్రసన్నకుమారి, శాఖకు దక్షిణాది చీఫ్. షట్టరు సగం దించి, అతడి చొక్కా మీది నెత్తురు చూసి, ఇంకో చొక్కా తీసి ఇచ్చింది. సుజనను మెషీన్ వెనక కుర్చీలో కూర్చోబెట్టింది. తర్వాత విషయం చెప్పింది. ఆవిడ బ్రీఫింగ్ ఎప్పుడూ టెలిగ్రాం లాగే ఉంటుంది.

రవిచంద్ర రాసిన ప్రోగ్రాం పేరు జత. ఆన్‌లైన్ ఆటలో ఒక ఫోను ఇంకో ఫోనుతో నేరుగా మాట్లాడేందుకు పనికొస్తుంది. పీర్ టు పీర్. మధ్యలో సర్వర్ ఉండదు. అతడు దాన్ని ఓపెన్ సోర్స్‌గా లోకానికి వదిలాడు, ఒక లైసెన్సు పెట్టి. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చి పదిమందికి పంచితే మాత్రం, మార్చిన సోర్స్ కోడు కూడా వాళ్ళకు ఇచ్చి తీరాలి.

బాలచంద్ర అర్థం కానట్టు చూశాడు.

"చెనిక్కాయ విత్తనం ఊరకే ఇచ్చినట్టు అనుకోన్నా" అంది సుజన. "నీ చేన్లో ఇంకా మంచి రకం పండిందనుకో. దాని విత్తనం కూడా ఊర్లో వాళ్ళకు ఇయ్యాల. దాచుకోకూడదు. అంతే షరతు."

కోటవేట అనే ఆటలో ఆ విత్తనం వాడారు. ఆట వెనక ఉన్నది కెల్లర్. ఏ దేశపు పాస్‌పోర్టు అడిగితే ఆ దేశానిది చూపించే మనిషి. ఆటలో తన ప్రోగ్రాం ఉందని రవిచంద్ర కనిపెట్టాడు, లైసెన్సు ప్రకారం సోర్స్ కోడు ఇమ్మని వాళ్ళకు రాశాడు. జవాబు రాలేదు. తనే ఆటను విప్పి చూశాడు. ఎవరో కలిపిన లైన్లు కనిపించాయి. అవి ఫోన్లోంచి బయట ఇంకేదో వస్తువుతో మాట్లాడుతున్నాయి. ఏ వస్తువో తెలియక శాఖకు ఫోను చేశాడు. అదే సాయంత్రం కెల్లర్ నుంచి కృతజ్ఞతలతో ఒక బహుమతి వచ్చింది. హెడ్‌సెట్.

"లోహిత గుర్తుందా?" అని అడిగింది ప్రసన్నకుమారి.

"ఉండాది."

మరిచిపోయే మనిషి కాదు. పుత్తూరు పిల్ల. ఆమె ఆడుతుంటే చూసేందుకు లక్షల మంది ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు. ఆమె కట్టిన చీర మర్నాటికి అంగళ్ళలో అడుగుతారు. కోటవేట పోస్టర్ల మీద ముఖం ఆమెదే. ఆమెను కొనేశానని కెల్లర్ అనుకుంటున్నాడు. ఆమె శాఖ మనిషి. పిస్తోలు పట్టడం నేర్పింది బాలచంద్రే.

ఆమె తమ్ముడు గిరి, కొండ వెనక ఉన్న రాడార్ కేంద్రంలో టెక్నీషియన్. అక్కడి షిఫ్టు వాళ్ళంతా ఒక టీము. ఈ రోజు కోటవేట ఫైనల్లో ఆడుతున్నారు, కేంద్రం గేటు బయట ఉన్న రెస్టు హౌసులో కూర్చుని. అలాంటి హెడ్‌సెట్లే వాళ్ళకు ఇప్పించమని కెల్లర్ లోహితకు చెప్పాడు. చాటుగా వినే యంత్రాలు కాబోలనుకుని ఆమె శాఖను అడిగింది.

"వింటే విననీ, మనం చెప్పే అబద్ధాలే వింటారని నేనే ఒప్పుకున్నా." ప్రసన్నకుమారి మెషీన్ అద్దం మీద అరచెయ్యి పెట్టి నొక్కింది. "ఆ పిల్ల చేత్తోనే ఆ పిల్ల తమ్ముడి తలకు బాంబు కట్టించినా, బాలా. పొద్దుటి నుంచీ వాళ్ళ నెత్తిన ఉండాయి అవి. షిఫ్టు మొత్తం పోతే ఈ రాత్రికి రాడార్‌కు కండ్లుండవు. ఆ చీకట్లో ఏం వస్తాదో కెల్లర్‌కే తెలుసు."

తీయమని చెప్పే వీలు లేదు. తీస్తే ఏమవుతుందో బాలచంద్ర చూశాడు. నెట్ కట్ చేయిద్దామా అన్నాడు. సుజన తల అడ్డంగా ఊపి, లాప్‌టాప్ అతడి వైపు తిప్పింది.

"ఆఖరి లైను సూడన్నా."

రవిచంద్ర ఫోను పలికిన మాటలు తెర మీద వరసగా ఉన్నాయి, అడుగున తెలుగులో ఒకే ఒక్క మాట. పోయొస్తా.

రవిచంద్ర తన ప్రోగ్రాంలో ప్రతి దానికీ ఇంటి మాటలే పేర్లుగా పెట్టాడట. ఒక ఫోను ఇంకో ఫోనును వెతికేటప్పుడు 'యాడుండావు' అంటుంది. దొరికిన ఫోను 'ఈడుండా' అంటుంది. మనిషి హెడ్‌సెట్ తీసినా, నెట్ తెగినా, ఆట ముగిసినా 'పోయొస్తా' అంటుంది. మళ్ళీ వస్తాడని పక్క ఫోన్లు లైను పట్టుకునే ఉంటాయి. కెల్లర్ మనుషులు బాంబును ఆ మాటకు కట్టారు.

"ఇంకో మాట ఉండాది" అంది సుజన. "పోతా. గడప దాటేటప్పుడు మన ఇండ్లల్లో ఎవరన్నా అంటారా ఆ మాట? ఆయన దాన్ని ఒక్కదానికే పెట్టినాడు, అందరూ కలిసి ఆడే గది మొత్తం మూసేదానికి. ఆ మాట అందుకున్న ఫోను పక్కదానికి చెప్పేసి, హెడ్‌సెట్‌తో సహా పట్టుకున్నవన్నీ వదిలేసి కండ్లు మూసుకుంటాది. పరాయోళ్ళు డిక్షనరీ సూసుకోనుంటారు. రెండిటికీ ఒకటే అర్థమనుకోని, వాడుకలో ఉండేదానికి బాంబు కట్టి, ఎవరూ వాడని దాన్ని వదిలేసినారు."

"ఎవరు చెప్పాల?"

"గది ఎవరు తెరిచింటే వాళ్ళు. నోటితోనే చెప్పాల. ఇంకో గొంతు అది ఒప్పుకోదు. ఆ గొంతు పొరబాటున పోయొస్తా అనిందంటే అన్నీ పేలిపోతాయి."

ఫైనల్ గది తెరిచిన గొంతు లోహితది. ఆమె పక్కనే కెల్లర్ ఉన్నాడు. ఫోను చేస్తే అతడికీ వినబడుతుంది.

ప్రసన్నకుమారి బీరువా తెరిచి, చెవిలో పెట్టుకునే రేడియో గింజ ఒకటి, ఒక సున్నం డబ్బా ఇచ్చింది. డబ్బా అడుగున మీట ఉంది. నొక్కితే సున్నం గజం దూరం చిమ్ముతుంది.

"ఇంతేనా?" అన్నాడు బాలచంద్ర.

"బడ్జెట్ అంతే" అంది చీఫ్.

*

మూఢం రోజులు కాబట్టి పెళ్ళిళ్ళు లేవు. అందుకే రేణిగుంట రోడ్డులో ఉన్న కల్యాణ మండపం ఆటకు దొరికింది. వేదిక మీద పీటలుండే చోట పెద్ద తెర పెట్టారు. కుర్చీల నిండా పిల్లలు, ఈలలు. వెనక వంటశాలలో అందరికీ భోజనాలు తయారవుతున్నాయి.

బాలచంద్ర లుంగీ పైకి కట్టి, మెడలో తువ్వాలు వేసుకుని, వంట మనిషిగా దొడ్డిదారిన దూరాడు. పిస్తోలు తేలేదు. గుమ్మం దగ్గర మెటల్ డిటెక్టర్ ఉంది. వంట మేస్త్రీ అతణ్ణి చూసి, ఆలస్యమైందని నాలుగు తిట్టి, రసం అండా దగ్గర నిలబెట్టాడు.

అక్కణ్ణుంచి తెర కనిపిస్తుంది. రాడార్ టీము కోట చుట్టూ ఊరకే పరుగెత్తుతోంది. అక్కడ కొండ వెనక, ప్రసన్నకుమారి పంపిన మనిషి రెస్టు హౌసు కిటికీ బయట ఒక అట్ట పట్టుకుని నిలబడ్డాడు. దాని మీద రాసి ఉంది: తీయొద్దు. గెలవొద్దు. ఓడొద్దు. హెడ్‌సెట్లు వింటాయి గానీ చూడలేవు, అందుకే అట్ట.

హాల్లో పిల్లలు గిరి టీమును ఎగతాళి చేస్తున్నారు. ఒకడు లేచి నిలబడి, "ఏమబ్బా, కోట సుట్టూ ప్రదక్షిణాలా?" అన్నాడు. అందరూ నవ్వారు.

బాలచంద్ర బకెట్లో రసం నింపుకుని మెట్ల వైపు నడిచాడు. పైఅంతస్తులో పెళ్ళికూతురి గది ఉంది. లోహిత అక్కడి నుంచే ఆట నడిపిస్తోంది. మెట్లకు ముందు సామాన్ల గది. అక్కడ కెల్లర్ మనిషి ఒకడు, ఎర్ర గడ్డం వాడు, నిలబడి ఉన్నాడు. వడ్డన కింద, బకెట్ పైకి పోతోంది. గడ్డంవాడికి భాష రాకపోయినా అంతవరకు అర్థమైంది. చెయ్యి కోటు లోపలికి వెళ్ళింది.

బాలచంద్ర రసం వాడి ముఖాన కొట్టాడు.

పొయ్యి మీంచి అప్పుడే దించిన రసం. వాడి నోరు తెరుచుకుంది గానీ కేక రాలేదు. గొంతులోకి కూడా పోయినట్టుంది. చర్మం చేతులకు అంటుకుని ఊడి వస్తుంటే వాడు గోడకేసి జారాడు. పక్కనే పిండి గ్రైండరు ఉంది. బాలచంద్ర దాని పొత్రం రెండు చేతులా ఎత్తి, వాడి మెడ వెనక ఒకే దెబ్బ వేశాడు. లోపల ఏదో విరిగింది. వాడి పిస్తోలు గ్రైండరు తొట్లో మినప్పిండిలో మునిగిపోయింది. చెయ్యి పెట్టి వెతికే తీరిక లేదు.

మెట్ల మలుపులో రెండోవాడు. వాడు పిస్తోలు జోలికి పోలేదు, కత్తి తీశాడు. చప్పుడు వద్దనుకున్నాడు కాబోలు. మొదటి వేటు బాలచంద్ర ఎడమ మోచేతి కింద ఎముక దాకా దిగింది. రెండో వేటుకు అతడు వెనక్కి తగ్గలేదు, ముందుకు జరిగాడు. కత్తి పట్టిన మణికట్టు పళ్ళతో కొరికి పట్టుకున్నాడు. నోట్లో నెత్తురు ఉప్పగా నిండింది. వాణ్ణి నడుము దగ్గర ఎత్తి, మెట్ల రెయిలింగ్ మీదుగా కిందికి వదిలాడు. కింద ఇనప కుర్చీలు మడిచి నిలబెట్టి ఉన్నాయి. వాడు వాటి మీద వీపుతో పడ్డాడు. మళ్ళీ లేవలేదు.

హాల్లో ఈలలు. ఆ చప్పుడులో ఈ చప్పుడు కలిసిపోయింది.

బాలచంద్ర తెగిన చేతికి తువ్వాలు చుట్టాడు. గది బయట తాంబూలం పళ్ళెం ఉంది. అది పట్టుకుని తలుపు తోశాడు.

పెళ్ళికూతురి గదిలో గోడంత అద్దం, చుట్టూ బల్బులు. లోహిత నెమలికంఠం రంగు పట్టుచీరలో, చెంప దగ్గర మైకుతో, ఫోను ముందు కూర్చుని ఉంది. వెనక కెల్లర్ నిలబడ్డాడు. సన్నటి మనిషి, శుభ్రమైన గోళ్ళు.

"నేను ఏమీ అడగలేదు" అన్నాడు కెల్లర్. పుస్తకంలోంచి నేర్చుకున్న తెలుగు.

లోహిత అద్దంలోనే బాలచంద్రను చూసింది. మైకు ఆపింది. ముఖంలో ఏమీ కదలలేదు. అతడు నేర్పినదే అది.

"గిరికి హెడ్‌సెట్టు వదులైందంటమ్మా" అన్నాడు బాలచంద్ర, తమలపాకు తుడుస్తూ. "తీస్తే తల కూడా దాంతోనే వస్తాదంట. చంద్రగిరిలో పొద్దున ఒకరికట్లే వచ్చింది."

ఆమె కెల్లర్ వైపు తిరిగింది.

"వినేదానికి అంటివే."

"వింటుంది కూడా" అన్నాడు కెల్లర్. అప్పటికే చేతిలో పిస్తోలు ఉంది. బాలచంద్ర వైపు చూసి, ఓపికగా, పిల్లవాడికి చెప్పినట్టు అన్నాడు. "ఆ చంద్రగిరి మనిషి ప్రోగ్రాం ఉచితంగా పెట్టాడు. మేము తీసుకున్నాము. మళ్ళీ ఉత్తరాలు ఎందుకు?"

"ఉచితమే. షరతు సదవలేదు మీరు."

లోహిత పిస్తోలు మీదికి దూకింది. గుండు ఆమె కడుపులో దిగింది. ఆ చప్పుడుకే బాలచంద్ర సున్నం డబ్బా మీట నొక్కాడు.

తడి సున్నం కెల్లర్ రెండు కళ్ళలోనూ పడింది. వాడు ఊళపెట్టి గుడ్డిగా కాల్చాడు. అద్దం నిలువునా పగిలి కూలింది. ఇంకో గుండు బాలచంద్ర చెవి తమ్మెను తీసుకుపోయింది. ఇద్దరూ గాజు పెంకుల మీద పడ్డారు. సన్నటి మనిషే గానీ వేళ్ళు ఇనుము. గొంతు మీద బిగిసుకున్నాయి. బాలచంద్రకు బల్బులు రెండుగా, నాలుగుగా కనిపించాయి. కుడిచెయ్యి నేల మీద తడుముకుంది. అద్దం పెంకు ఒకటి దొరికింది. తన అరచెయ్యి తెగుతుందని తెలిసే గట్టిగా పట్టుకుని, కెల్లర్ దవడ కింద దించి, అడ్డంగా లాగాడు.

వెచ్చటి నెత్తురు ముఖం మీద పడింది. వేళ్ళు వదలడానికి చాలాసేపు పట్టినట్టనిపించింది.

కింద హాలు హోరెత్తింది. చెవిలో రేడియో గింజ గరగరలాడింది.

"బాలా, అవతలి టీము ఆఖరి బురుజు ఎక్కతాంది" అంది ప్రసన్నకుమారి గొంతు. "గిరి వాళ్ళు ఆపలేకుండారు. జెండా పీకితే ఆట అయిపోతాది."

లోహిత గోడకు ఆనుకుని, రెండు చేతులతో కడుపు పట్టుకుని ఉంది. పట్టుచీర తడిసి నల్లగా మారింది. బాలచంద్ర ఫోను ఆమె ఒళ్ళో పెట్టి, మైకు సరిచేశాడు.

"పోతా అను. ఆ ఒక్క మాటే. పోయొస్తా అంటే అందరూ పేలిపోతారు."

ఆమె తల ఊపింది. మైకు మీట నొక్కింది. గదిలోకి గిరి గొంతు వచ్చింది, ఆయాసంగా.

"అక్కా?"

ఆ గొంతు వినగానే ఆమె కళ్ళు మారిపోయాయి. పెదవులు తమంతట తామే కదిలాయి. ఊహ తెలిసినప్పటి నుంచి గడప దగ్గర తమ్ముడికి చెబుతున్న మాట అది.

"గిరీ, పో..."

తర్వాతి అక్షరానికి ఆమె నోరు ముడుచుకోవడం బాలచంద్ర చూశాడు. అరచెయ్యి ఆమె నోటి మీద వేసి అదిమి, రెండో చేత్తో మైకు ఆపాడు. అతడి నెత్తురు ఆమె పళ్ళకు అంటింది.

"ఆ మాట కాదు."

"అలవాటన్నా" అంది ఆమె. ఊపిరి అందడం లేదు. "ఆ మాటంటే మాయమ్మ మూతి మీద కొడతాది."

"కొట్టనీలే. అను."

తెర మీద అవతలి టీము మనిషి బురుజు పైకి చెయ్యి వేశాడు. హాల్లో పిల్లలు లెక్క అందుకున్నారు. జెండా కర్రకు వేళ్ళు తగిలాయి.

లోహిత మైకు తెరిచింది. కళ్ళు మూసుకుంది.

"పోతా" అంది.

కోట ఆరిపోయింది. జెండా, బురుజు, మనుషులు, అన్నీ. హాల్లో తెర నల్లగా నిలబడింది. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత పిల్లలు కరెంటు వాళ్ళను తిట్టడం మొదలుపెట్టారు.

రేడియోలో చాలాసేపు ఏమీ లేదు. బాలచంద్ర ఆమె కడుపు మీద తువ్వాలు అదిమిపట్టి, ఆ ఏమీ లేకపోవడాన్ని వింటూ కూర్చున్నాడు.

"తీసినారు" అంది ప్రసన్నకుమారి చివరికి. ఆవిడ గొంతు ఎప్పుడూ అట్లా ఉండదు. "అందరూ తీసినారు. తలలు తలల మీదనే ఉండాయి."

*

పొద్దు గూకింది. రాడార్ కేంద్రంలో ఎప్పటి లాగే షిఫ్టు మారింది. పిల్లలను ఇండ్లకు పంపేశారు. మండపం గేటుకు తాళం పడింది. పోలీసులు పైనుంచి దించాల్సిన వాళ్ళను దించుకుపోయారు. వంట మేస్త్రీకి ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు. అతడూ అడగలేదు. చేసిన అన్నం పారేయడం ఇష్టం లేక, భోజనాల హాల్లో నాలుగు ఆకులు వేశాడు.

బాలచంద్ర రెండు చేతులకూ కట్లు. చెవికి దూది. పక్కన ప్రసన్నకుమారి. ఆవిడ పక్కన సుజన. పోస్టుమార్టం రేపు పొద్దున గానీ కాదన్నారు. ఇంట్లో పొయ్యి వెలిగించే వీలు లేదు, ఆమె పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. చీఫ్ ఆమె చెయ్యి పట్టుకుని తెచ్చి ఆకు ముందు కూర్చోబెట్టింది. నాలుగో ఆకు ముందు గిరి. ఆపరేషన్ అయింది, గుండు తీశారు, మనిషి బతుకుతుంది, తెల్లారేవరకు లోపలికి రావద్దు అని ఆసుపత్రిలో చెప్పి పంపించారు. ఆసుపత్రిలో అక్కను స్ట్రెచర్ మీదికి ఎత్తినప్పటి నెత్తురు చొక్కా నిండా. వచ్చినప్పటి నుంచి ఒక చెవి రుద్దుకుంటూనే ఉన్నాడు.

మేస్త్రీ అన్నం పెట్టాడు, రసం పోశాడు. బాలచంద్ర కట్టు కట్టిన చేత్తో ముద్ద కలపలేకపోతుంటే గిరి తన ఆకు మీంచి లేచి వచ్చి, కలిపిపెట్టి, మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. సుజన మొదటి ముద్ద చాలాసేపు చేతిలోనే పట్టుకుంది. తర్వాత తింది. తర్వాత రెండోది తింది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, ఆకుల మీద వేళ్ళ చప్పుడు.

రసంలో ఉప్పు లేదు. నలుగురికీ తెలుస్తూనే ఉంది. ఆ అండా దగ్గర నిలబడి వచ్చిన బాలచంద్ర మాత్రం తలెత్తకుండా తిన్నాడు.